బురుజులో సేనాపతి

సేనాపతి దగ్గర డ్రైవరుగా చేరుతున్నానని చెప్పిన రోజున మా తమ్ముడు నాతో మాట్లాడటం మానేశాడు. అమ్మ మాత్రం స్టవ్ దగ్గర నుంచి వెనక్కి తిరిగి, "జీతం కోసమా, ఇంకెందుకైనానా?" అని అడిగింది.

"ఇంకెందుకైనా కూడా," అన్నాను.

అమ్మ మళ్ళీ స్టవ్ వైపు తిరిగింది. "అయితే వెళ్ళు," అంది.

సేనాపతి అసలు పేరు కాదు. మా కొండల్లో ఎటు చూసినా పాత కోటలు, బురుజులు. వేసవి వస్తే వాటిని చూడటానికి జనం బస్సులు కట్టుకుని వస్తారు. వాళ్ళకు కథలు చెప్పే గైడ్లందరికీ ఆయన పెద్ద. యుద్ధాల సంగతి ఎత్తితే చాలు, తానే ముందుండి నడిపించినట్టు చెయ్యి చాచి, ఛాతీ విరిచి, ఎదుటి కొండకు వినిపించేలా చెప్పేవాడు. అందుకని ఆ పేరు పడింది. పడినందుకు మురిసిపోయాడు కూడా. కోటల తాళంచెవులన్నీ ఇనుప కడియానికి గుచ్చి నడుముకు తగిలించుకుని తిరిగేవాడు. మనిషి కంటే ముందు ఆ గలగల వచ్చేది.

మా తమ్ముడూ గైడే. రెండేళ్ళ క్రితం వరకూ. వాడు చెయ్యి చాచేవాడు కాదు, గొంతు పెంచేవాడు కాదు. ఏ రాయి మీదో కూర్చుని పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పేవాడు. జనం వాడి చుట్టూ నేల మీద కూర్చుండిపోయేవాళ్ళు. వచ్చినవాళ్ళు హోటళ్ళలో "ఆ కుర్రాడు ఉన్నాడా?" అని అడగడం మొదలుపెట్టాక సేనాపతికి వాడంటే గిట్టకుండా పోయింది.

ఊరికి ఎదురుగా ఉన్న కొండ కొసన ఒంటి బురుజు ఉంది. దాని చుట్టూ ఉన్న కోటంతా కూలిపోయి అదొక్కటే మిగిలింది. లోపల మెలికలు తిరిగే మెట్లు, పైన ఒక గది, గదికి ఒక కిటికీ, కింద ఇనుప ఊచల గేటు. ఆ కొండ మీద ఫోన్లకు సిగ్నల్ అందదు. ఆ సాయంత్రం ఎవరో ముసలావిడ కళ్ళజోడు పైన మరిచిపోయిందంటే మా తమ్ముడు తేవడానికి వెళ్ళాడు. సేనాపతి కోసం కింద ఎవరో పెద్దమనుషుల కారు ఆగి ఉంది. ఆయన పైకి చూడలేదు, పిలవలేదు. గేటుకు తాళం వేసి కారెక్కి వెళ్ళిపోయాడు. వాడు అరిచి అరిచి, గాలివాన మొదలవుతుంటే కిటికీలోంచి గోడ పట్టుకుని దిగబోయి పడ్డాడు. గొర్రెల కాపరి చూసేసరికి మర్నాడు పొద్దెక్కింది. తుంటి ఎముక నుజ్జయింది.

దాన్నైనా తట్టుకునేవాళ్ళమేమో. విచారణకు వచ్చిన అధికారి ముందు సేనాపతి ఏం చెప్పాడో తెలుసా? వాడు తాగి ఉన్నాడన్నాడు. గోడ దిగి చూపిస్తానని ఎవరితోనో పందెం కాశాడన్నాడు. "నేను మెట్లన్నీ ఎక్కి చూసుకోనిదే తాళం వెయ్యను సార్. నా చేతుల్లో తాళం ఉండగా లోపల మనిషి చిక్కుకోవడమన్నది జరగదు," అన్నాడు. అధికారి తలూపాడు. మా తమ్ముడి బ్యాడ్జీ తీసేసుకున్నారు. జన్మలో చుక్క ముట్టని వాణ్ణి ఊళ్ళో తాగుబోతన్నారు.

అప్పటినుంచి వాడు వెనక గదిలో కూర్చుని హోటల్ కుర్చీలకు వైరు అల్లేవాడు. గది దాటి వచ్చేవాడు కాదు. ఎప్పుడైనా అన్నం బాగుందా అని అడిగితే "ఊఁ" అనేవాడు. అంత మాటకారికి మాకు మిగిలింది ఆ ఊఁ ఒక్కటే. నేను సేనాపతి దగ్గర చేరతానన్నాక నాకు అదీ లేకుండా పోయింది.

మరి సేనాపతి నన్నెందుకు పెట్టుకున్నాడంటే, ఆ ఏడు ఆయన పాత డ్రైవరు మానేశాడు. ఆ ఘాట్ మలుపుల్లో భయం లేకుండా బండి తిప్పేది నేనూ, నా పాత వ్యానూనూ. పైగా మమ్మల్ని దయతలిచినట్టు నలుగురికీ కనిపించాలి కదా. హోటల్ వసారాలో, పదిమంది వింటుండగా, "పాత సంగతులు మనసులో పెట్టుకోకు తల్లీ," అన్నాడు.

"ఏ సంగతులండీ?" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. నా భుజం తట్టాడు. ఇంటికెళ్ళి ఆ భుజాన్ని సబ్బు పెట్టి కడుక్కున్నాను.

అలా వేసవి మొదలైంది. పొద్దున్నే హోటళ్ళ ముందు జనాన్ని ఎక్కించుకోవడం, పెద్దకోట, జంట బురుజులు, మధ్యాహ్నానికి ఒంటి బురుజు. దారి పొడుగునా కొండలన్నీ ఎండకు ఎర్రగా కాలి ఉండేవి. ఆయన ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి కథలు చెప్పేవాడు. అందులో సగం మా తమ్ముడివి. పెద్దకోట గోడ కట్టిన మేస్త్రీ పెళ్ళాం సున్నంలో తన గాజులు కలిపిన కథ వాడు మా నాయనమ్మ దగ్గర విన్నది. దాన్ని సేనాపతి నోటి నుంచి వింటూ స్టీరింగ్ పట్టుకుని కూర్చునేదాన్ని. మలుపులు మాత్రం జాగ్రత్తగా తిప్పేదాన్ని. ఆయన్ని లోయలో పారెయ్యడం నాకు క్షణం పని. కానీ వెనక సీట్లలో అమాయకులుండేవాళ్ళు. అంతకంటే ముఖ్యం, అది చాలా తక్కువ శిక్ష అనిపించేది.

నేను ఓర్పుగా మంచిదాన్నయ్యాను. ఆయన సంచి మోశాను. మంచినీళ్ళు అందించాను. ఆయన జోకులకు అందరికంటే ముందు నవ్వాను. కొన్నాళ్ళకు గేట్లు తీయడం, వేయడం కూడా నాకే అప్పజెప్పాడు. తాళాలు ఇంకెవరి చేతికీ ఇవ్వకూడదని రూలు. రూళ్ళు ఆయనకు కాదు.

మధ్యాహ్నం పొద్దుటి జనాన్ని హోటళ్ళ దగ్గర దించి, భోజనం అయ్యాక, సాయంత్రం బస్సు వచ్చేలోగా, ఆయనకు ఒక కునుకు కావాలి. ఒంటి బురుజు పైగదిలో కిటికీ నుంచి మంచి గాలి వస్తుంది. అక్కడ ఒక చాప దాచుకున్నాడు. "ఈ కడియం పడుకుంటే నడుముకు గుచ్చుకుంటోంది, నీ దగ్గరుంచు. బస్సు రాగానే లేపు," అని తాళంచెవులు నా చేతిలో పెట్టి ఎక్కిపోయేవాడు. నేను వ్యాన్‌లో కూర్చుని వాటిని ఒడిలో పెట్టుకునేదాన్ని. ఇనుము ఎండకు కాలేది. అయినా పక్కన పెట్టేదాన్ని కాదు. ఇంకా అప్పుడే కాదు అనుకునేదాన్ని. ఎప్పుడో నాకూ తెలియదు.

ఒక సాయంత్రం బురుజు నీడలో నిలబడి వ్యాన్ అద్దం తుడుస్తున్నాను. ఆయన పాతికమందిని గోడ దగ్గర నిలబెట్టి కిటికీ వైపు వేలు చూపించాడు.

"అదుగో, ఆ కిటికీలోంచే ఒక గైడు ఎగిరాడండీ! పీకల దాకా తాగి, నేను పక్షినన్నాడు. రెక్కలు రాకముందే రాళ్ళు వచ్చేశాయి!"

జనం పకపకా నవ్వారు. ఆయన చేతులు రెక్కల్లా ఆడిస్తూ కుంటుతూ నడిచి చూపించాడు. ఇంకా నవ్వారు. ఒకాయనకైతే కళ్ళలో నీళ్ళొచ్చాయి.

సేనాపతి నా పక్కనుంచే వెళ్ళి వ్యాన్ ఎక్కాడు. నా ముఖం చూడలేదు. నన్ను ఏడిపించాలని చెప్పి ఉంటే కొంత నయంగా ఉండేది. నేనక్కడ ఉన్నానన్న సంగతే ఆయనకు తట్టలేదు.

ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాను. తలుపు వేసే చెప్పాను, తమ్ముడికి వినపడకూడదని. అమ్మ బట్టలు మడతపెడుతోంది. కుంటి నడక నడిచి చూపించాడని చెప్పినప్పుడు ఆమె చేతిలో ఉన్న చొక్కా అలాగే ఉండిపోయింది. అది తమ్ముడిదే.

"ఆ సేనాపతిని ఏమీ చెయ్యకు," అంది చివరికి. "వాడికేమన్నా అయితే ఊరంతా కూడి వాడి మంచితనం చెప్పుకుంటుంది. పోయినవాళ్ళందరూ మంచోళ్ళే కదా. వాడు నిక్షేపంలా బతకాలి. నలుగురూ వాడి ముఖం చూసి నవ్వాలి. అది వాడు కళ్ళారా చూడాలి."

మర్నాడు మధ్యాహ్నం ఆయన తాళంచెవులు నా చేతిలో పెట్టి, ఆవలిస్తూ బురుజు ఎక్కాడు. చాప దులిపిన చప్పుడు వినిపించింది. కాసేపటికి గురక. నేను గేటు మూసి తాళం తిప్పాను. అది పాత తాళం, గట్టిగా శబ్దం చేసింది. గురక ఆగలేదు.

అక్కడే ఒక రాయి మీద కూర్చున్నాను. ఎండ మాడుస్తోంది. ఆయన లేచి దిగివచ్చే వరకూ ఎంతసేపైందో చెప్పలేను. ఊచలు పట్టుకుని, "ఏమ్మా, గాలికి గేటు పడిందా?" అన్నాడు.

"లేదండీ, నేనే వేశాను."

"ఎందుకు?"

"మెట్లన్నీ ఎక్కి చూసుకున్నాకే వేశాను. లోపల ఎవరూ లేరు."

ఆయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ముందు నవ్వాడు. తర్వాత బెదిరించాడు. నా వ్యాన్ కొండ మీద తిరక్కుండా చేస్తానన్నాడు, జైల్లో పెట్టిస్తానన్నాడు.

"పెట్టించండి," అన్నాను. "మీరు బురుజులో ఉండగా తాళం పడిందని అధికారి గారికి చెప్పండి. మీ తాళాలు నా దగ్గరికి ఎలా వచ్చాయో కూడా చెప్పండి. అలా జరగనే జరగదని రెండేళ్ళ కిందట ఆయనకు మీరే చెప్పారు కదా."

అప్పుడు ఆయన గొంతు మారింది. "తల్లీ, నీ తమ్ముడి విషయంలో పొరపాటు జరిగిపోయింది. ఒప్పుకుంటున్నాను. తలుపు తియ్యి."

రెండేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట అది. వింటే ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. ఆ కొండ మీద నేనూ ఆయనా తప్ప ఇంకో ప్రాణి లేదు. నాకొక్కదానికి వినిపించి ఏం లాభం?

"తొందరైతే గోడ దిగి రండి," అని చెప్పి వ్యాన్ ఎక్కాను.

ఇంటికి వచ్చేసరికి తమ్ముడు కుర్చీ ఒకటి తిరగేసి వైరు బిగిస్తున్నాడు. గుమ్మంలో నిలబడి, "సేనాపతిని ఒంటి బురుజులో పెట్టి తాళం వేశాను," అన్నాను.

వాడు చేతిలోని వైరు వదల్లేదు. ముడి పూర్తిచేశాడు. కత్తెరతో కొస కత్తిరించాడు. తర్వాత నా వైపు చూసి, "సాయంత్రం బస్సు ఉందా?" అని అడిగాడు.

"ఉంది. నిండుగా వస్తోంది."

"అమ్మా, నా తెల్ల చొక్కా ఎక్కడ పెట్టావు?" అని కేకేశాడు.

అమ్మ చొక్కా తెచ్చింది. బొత్తాలు తనే పెట్టబోతే, "నేను పెట్టుకుంటాలేవే," అన్నాడు. చంక కర్ర తీసుకుని, గడప దాటి, ఎండలో ఒక్క నిమిషం కళ్ళు చికిలించి నిలబడి, నా పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు. దారిలో గతుకుల దగ్గర నొప్పికి పెదవి కొరుక్కున్నాడు. నేను నెమ్మదిగా నడిపితే, "పోనియ్యి అక్కా," అన్నాడు.

మేం వెళ్ళేసరికి బస్సు వచ్చేసి ఉంది. జనం బురుజు చుట్టూ తిరుగుతూ ఫోటోలు తీసుకుంటున్నారు. పైన కిటికీలో సేనాపతి తల కనిపిస్తోంది. వాళ్ళకు చెయ్యి ఊపుతున్నాడు. అది కథ చెప్పడంలో భాగమే అనుకుని వాళ్ళూ తిరిగి చెయ్యి ఊపుతున్నారు. లోపల చిక్కుకున్నానని చెప్పుకోవడానికి ఆయనకు నామోషీ అడ్డొచ్చినట్టుంది.

తమ్ముడు ఒక రాయి చూసుకుని కూర్చున్నాడు. కర్ర పక్కన పెట్టాడు. రెండుసార్లు దగ్గాడు.

"ఈ బురుజు కట్టినవాళ్ళు శత్రువు ఎక్కకుండా అన్నీ చూసుకున్నారండీ," అన్నాడు. "సొంత మనిషి దిగడానికి మాత్రం దారి పెట్టలేదు."

దగ్గరున్న నలుగురు వాడి వైపు తిరిగారు. తర్వాత ఇంకొందరు వచ్చారు. వాడు ముట్టడి కథ చెప్పాడు, నీళ్ళు అయిపోయిన కథ చెప్పాడు, ఆ కిటికీ నుంచి కాపలావాళ్ళు చూసే లోయను చూపించాడు. ఒక్కొక్కరే నేల మీద కూర్చున్నారు. పైన సేనాపతి చెయ్యి ఊపడం ఆపేశాడు. ముట్టడి అయ్యాక వాడు ఊపిరి పీల్చుకుని, అదే గొంతుతో ముసలావిడ కళ్ళజోడు సంగతి ఎత్తాడు. గాలివాన చెప్పాడు. గోడలో ఏ రాయి పట్టుకున్నాడో, ఏ రాయి చేతికి వచ్చేసిందో చూపించాడు. కింద పడ్డాక పక్కకు తిరగలేక, నోట్లో పడిన వాన చుక్కలు తాగానని చెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

ఎండ టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ, "అయ్యో! ఇంతకీ తాళం వేసిందెవరు నాయనా?" అంది.

తమ్ముడు తలెత్తి కిటికీ వైపు చూశాడు. కూర్చున్నవాళ్ళందరూ తలలెత్తారు.

"చెప్పండి సేనాపతి గారూ. అమ్మగారు అడుగుతున్నారు."

పైనుంచి ఏదో గొణుగుడు వినిపించింది. ఎదుటి కొండకు వినిపించే ఆ గొంతు బస్సు దాకా కూడా రాలేదు.

"వినపడలేదండీ, కాస్త గట్టిగా!" అంది పెద్దావిడ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"నేనే," అన్నాడాయన.

"తాగానన్నారు కదండీ నేను?" అన్నాడు తమ్ముడు.

"తాగలేదు."

అంతే. తల లోపలికి పోయింది. నేను లేచి గేటు తాళం తీసి, తలుపు బార్లా తెరిచిపెట్టాను. "దారి తెరిచే ఉందండీ, రండి," అని మెట్ల లోకి పిలిచాను. అడుగుల చప్పుడు లేదు. జనం నిలబడి ఎదురుచూశారు. ఫోన్లు పట్టుకుని ఎదురుచూశారు. గేటు తెరిచి ఉన్నా సేనాపతి దిగిరాలేదు. బస్సు హారన్ కొట్టి, అందరూ ఎక్కి, మొదటి మలుపు దాటేదాకా ఆ గదిలోనే ఉండిపోయాడు. అప్పటికి మేమూ వచ్చేశాం. తాళంచెవులు గేటుకే వదిలేశాను.

ఆయన ఫిర్యాదు చెయ్యలేదు. చెయ్యలేడని తెలుసు. ఆ బస్సు జనం ఏ హోటల్లో దిగితే ఆ హోటల్లో కథ చెప్పారు. వారం తిరక్కుండానే "కర్ర గైడు ఎక్కడ?" అంటూ మా ఇంటి ముందు వ్యాన్లు ఆగసాగాయి. గైడ్ల ఆఫీసు వాళ్ళు తమ్ముణ్ణి పిలిచి బ్యాడ్జీ తిరిగి ఇచ్చారు. క్షమాపణ లేదు, వివరణ లేదు. ఏదో సామాను అప్పజెప్పినట్టు బల్ల మీద పెట్టి తోశారట. వాడు జేబులో వేసుకుని వచ్చాడు.

వాడు మళ్ళీ మాటకారి అయ్యాడు. కానీ పాత తమ్ముడు కాడు. ఒంటి బురుజు దగ్గర ప్రతిసారీ ఆ కథ చెప్పేవాడు. సేనాపతి తన జనంతో దగ్గర్లో ఉంటే ఇంకొంచెం వివరంగా చెప్పేవాడు. సేనాపతి వెంట జనం పలచబడ్డారు. ఉన్నవాళ్ళలో ఎవరో ఒకరు, "బురుజులో ఉండిపోయింది మీరే కదూ?" అని అడిగేవారు. ఆయన చెయ్యి చాచబోయి మధ్యలో దించేసేవాడు. ఇప్పుడు తమ్ముడి జనాన్ని తిప్పుతున్న నేను వ్యాన్‌లోంచి చూసేదాన్ని. చాలు అని ఒక్కసారి కూడా అనిపించలేదు.

ఒకరోజు అమ్మ బజారు నుంచి వచ్చి, "వాడు కనపడ్డాడు. బాగా చిక్కిపోయాడు," అంది.

తమ్ముడు తల తిప్పాడు. "పాపం అంటున్నావా?"

"లేదురా. చూశానని చెబుతున్నా," అంది అమ్మ. సంచి తలకిందులు చేసి ఉల్లిపాయలు బుట్టలో పోసింది.

తొలకరికి ఘాట్ రోడ్డు మీద రాళ్ళు జారాయి. పెద్ద బస్సులు ఆగిపోయాయి. కోటలకు తాళాలు పడ్డాయి. ఆ వానలోనే సేనాపతి ఊరు వదిలి పట్నంలో కూతురి దగ్గరికి బయల్దేరాడు. కింద బస్టాండు దాకా దిగాలంటే చిన్న బండి కావాలి. ఆ రోజు దిగుతున్నది నా వ్యాన్ ఒక్కటే. గొడుగు పట్టుకుని వచ్చి, ఏమీ అనకుండా వెనక సీట్లో కూర్చున్నాడు. బండి తీశాను.

జంట బురుజులు దాటాక అన్నాడు: "మీ తమ్ముడు ఇప్పుడు నాకన్నా బాగా చెబుతున్నాడు."

"ముందూ చెప్పేవాడండీ."

వైపర్లు కదులుతున్నాయి. "ఆ సాయంత్రం కారు వాళ్ళు తొందర పెట్టేసరికి నేను..."

"మలుపు వస్తోంది, పట్టుకోండి," అన్నాను.

కొండ దిగి తారు రోడ్డు ఎక్కాక ముందుకు వంగి నా సీటు పట్టుకున్నాడు. "అమ్మాయ్, నేను మళ్ళీ ఈ కొండ ఎక్కను. ఓపిక లేదు. పోనీలే అని ఒక్క మాట అను. నీ నోటితో."

అద్దంలో ఆయన ముఖం కనిపిస్తోంది. ముసలి ముఖం. నిజంగానే చిక్కిపోయాడు. ఆ మాట అనడానికి నాకేమీ ఖర్చు కాదని కూడా తెలుసు.

"దిగండి," అన్నాను. "మీ బస్సు వచ్చేసింది."

దిగాడు. సంచి తనే దించుకున్నాడు. బస్టాండు చూరు కింద కొత్తవాళ్ళు కొందరు సామాన్లతో నిలబడి, కొండల వైపు తలలెత్తి చూస్తున్నారు. మబ్బు విడిన చోట ఒక బురుజు కనిపిస్తోంది. సేనాపతి వాళ్ళ పక్కన ఆగాడు. సంచి కింద పెట్టి, చెయ్యి చాచి, ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. బస్సు హారన్ కొట్టింది. కండక్టర్ కసిరాడు. చెయ్యి దించుకుని, సంచి ఎత్తుకుని, పరుగులాంటి నడకతో వెళ్ళి ఎక్కేశాడు.

కొత్తవాళ్ళు నా వ్యాన్ దగ్గరికి వచ్చారు. పైకి వెళ్ళాలట. వానైనా ఫర్వాలేదట, దూరం నుంచైనా కోటలు చూస్తారట. ఎక్కించుకున్నాను.

"ఆ పెద్దాయన ఎవరండీ?" అని వాళ్ళలో ఒకామె అడిగింది. "ఈ కొండల గురించి ఏదో చెప్పబోయారు పాపం."

"తెలీదండీ," అన్నాను. "ఎవరో ప్రయాణికుడు."